పద్మవ్యూహానికి పంపే ముందు



సాహిత్యం వదిలి ఈ పంతులు ఫుట్‌బాల్ గురించి వ్రాయడమేమిటని ఆశ్చర్యపోకండి. విషయం ఆటది కాదు, విద్యది.

ఇంగ్లండు మహిళా జట్టు ఫార్వర్డ్ మిషెల్ అజెమాంగ్ 2006లో జన్మించింది. ఆరేళ్ళ ప్రాయంలోనే ఆర్సెనల్ క్లబ్బులో ఆట నేర్వడం మొదలుపెట్టింది. 2021లో వెంబ్లీ మైదానంలో ఇంగ్లండు మహిళలు ఆడుతుంటే గీత దాటిన బంతులను అందించిన బాలిక, 2025 ఏప్రిల్‌లో అదే జట్టు తరఫున బెల్జియంపై బరిలో దిగి, 41 సెకన్లకే గోలు చేసింది. ఆ జూలైలో స్విట్జర్లండులో జరిగిన యూరో పోటీలలో, క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ చేతిలో ఓడిపోతున్న జట్టుకు 81వ నిమిషంలో ప్రాణం పోసింది. సెమీఫైనల్లో ఇటలీపై 96వ నిమిషంలో మరల అదే పని చేసింది. ఇంగ్లండు కప్పు గెలిచింది. ఉత్తమ యువ క్రీడాకారిణి పురస్కారం పందొమ్మిదేళ్ళ ఈ పిల్లను వరించింది.

మూడు నెలలు తిరిగాయో లేదో, అక్టోబరు 28న ఆస్ట్రేలియాతో ఆడుతూ కూలబడింది. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది. సాధారణంగా తొమ్మిది నెలలకు తక్కువ కాకుండా ఆటకు దూరం చేసే గాయమది.

అందరూ “అయ్యో, దురదృష్టం” అన్నారు. నాకు ఆ మాట మింగుడుపడదు. 2022-23లో ఒక్క ఆర్సెనల్ జట్టులోనే బెత్ మీడ్, వివియన్ మీడెమా, లియా విలియమ్సన్, లారా వీన్‌రాయిథర్, నలుగురికి నలుగురూ ఇదే గాయంతో మంచమెక్కారు. నలుగురికి వరుసగా జరిగినదాన్ని విధిలిఖితమని సరిపెట్టుకోవడం బద్ధకస్తుల తర్కం.

ఈ గాయం ముప్పు పురుషులకంటే స్త్రీలకు ఎక్కువని వైద్యులు ఏనాడో చెప్పారు. కారణం మాత్రం తేలలేదు. శరీర నిర్మాణమా, హార్మోనులా, మైదానాలా, విశ్రాంతి లేని పోటీలా, మగవారి పాదాలకు కొలిచి కుట్టిన బూట్లా? తేలకపోవడానికి కారణం, చాలాకాలం ఎవరూ శ్రద్ధగా వెదకకపోవడమే. 1920లో లివర్‌పూల్ నగరంలోని గుడిసన్ పార్కులో మహిళల ఆట చూడడానికి 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడే ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాలను స్త్రీలకు మూసివేసింది. ఆ నిషేధం సుమారు అర్ధశతాబ్దం సాగింది. ఆడనివ్వనివారి మోకాళ్ళను ఎవరు పరిశోధిస్తారు?

మీడ్, విలియమ్సన్ కోలుకొని 2025 కప్పు గెలిచిన జట్టులో ఆడారు కదా అని మీరనవచ్చు. నిజమే. అది వారి పట్టుదలకు సాక్ష్యం. వ్యవస్థకు యోగ్యతాపత్రం కాదు.

భారతం చదివిన మనకు ఈ కథ కొత్త కాదు. పద్మవ్యూహంలో చొరబడే విద్య మాత్రమే తెలిసిన అభిమన్యుణ్ణి పెద్దలు ముందుకు నడిపించారు. ఆపై అతని శౌర్యాన్ని వేనోళ్ళ పొగుడుతూ వచ్చాం. వెలికివచ్చే విద్య నేర్పకుండా పంపినవారిని ఎవరు నిలదీశారు? అజెమాంగ్‌కు గోలు చేయడం నేర్పారు. ఆమె మోకాలిని కాపాడే విద్య మాత్రం ఆ పెద్దల వద్దనే పూర్తిగా లేదు.

2024లో ఇంగ్లండు మహిళా లీగులో ఈ గాయాలపై మూడేళ్ళ పరిశోధన ప్రారంభమైంది. సంతోషం. కాని ఫలితాలు చేతికందేదాకా ఆటగత్తెల మోకాళ్ళు ఆగవు. పోటీల నడుమ విశ్రాంతి పెంచడానికి, ఆడపిల్లల పాదాలకు తగిన బూట్లు కుట్టడానికి, చిన్నతనంలోనే దూకి దిగే పద్ధతి నేర్పడానికి మహాపరిశోధనలేవీ అవసరం లేదు.

ముప్పైయేళ్ళు పాఠాలు చెప్పినవాడిగా నేనెరిగినది ఒక్కటే: తెలివైన విద్యార్థిని చూసి గర్వించే హక్కు, ఆ విద్యార్థి భారం మోసినవారికే ఉంటుంది.

మీ అభిప్రాయాలు తెలుపగలరు.