గొలుసుకు కట్టేసేందుకైతే పాయింటర్ వద్దు

పశువును కొనేటప్పుడు మన రైతు ఎంత చూస్తాడు! సంతలో ఎద్దుకు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూస్తాడు. బర్రెనైతే రెండు పూటలు పాలు పిండి చూసుకున్నాకే డబ్బు చేతిలో పెడతాడు. అదే రైతు కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి ఇవేమీ అడగడం లేదు. సెల్‌ఫోన్లో బొమ్మ చూసి, జాతి పేరు విని, కొడుకు మారాం చేశాడని తెచ్చేస్తున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండానే 'ఇది మా ఇంటికి పనికిరాలేదు' అంటున్నాడు. పాపం, కుక్క చేసిన తప్పేముంది? మన ఎంపికే సరిగా లేదు.

విదేశీ జాతి కుక్కల మీద మోజు పట్టణాలు దాటి పల్లెల్లోకీ వచ్చింది. ఆ వరుసలో పాయింటర్ ఒకటి. పొట్టి వెంట్రుకలు, వేలాడే చెవులు, తెల్లటి ఒంటి మీద కాఫీరంగో నలుపో పట్టీలు, పొడుగాటి కాళ్లు. చూడముచ్చటగా ఉంటుంది. మంచి కుక్కే. అయితే ఎవరింటికి మంచిది అన్న సంగతి తేల్చుకోకుండా తెస్తే దానికీ బాధే, మనకీ బాధే.

దాని పుట్టుక పని వేరు

పాయింటర్ ఇంగ్లండులో పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో వేటగాళ్లు తీర్చిదిద్దిన జాతి. జర్మనీవాళ్లు తమ రకాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో తయారు చేసుకున్నారు. వేటగాడి కంటే ముందు పరిగెత్తి, పొలాన్ని అటూ ఇటూ గాలించి, గాలిలో పిట్ట వాసన పట్టడం దీని పని. వాసన తగలగానే ముక్కు అటు చాపి, తోక నిగడదన్ని, ముందుకాలు ఒకటి ఎత్తి రాయిలా నిలబడిపోతుంది. పిట్ట ఎక్కడుందో అలా చూపిస్తుంది గనకే ఆ పేరు. మన ఒంగోలు గిత్తను బరువు లాగేందుకు తరతరాలుగా ఎలా ఎంచుకుంటూ వచ్చారో, దీన్ని అలసట లేకుండా పొద్దంతా పరిగెత్తేందుకు అలా ఎంచుకుంటూ వచ్చారు.

మన దగ్గర దానికి ఆ పని లేదు, ఉండకూడదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి చేసిన సవరణ తర్వాత కౌజు పిట్టనైనా, పూరేడునైనా, చెవులపిల్లినైనా వేటాడటం నేరం. 'కుక్కే పట్టుకొచ్చింది సార్' అంటే అటవీ శాఖవాళ్లు ఊరుకోరు. కాబట్టి మన ఇంటికొచ్చిన పాయింటర్‌కు ఉద్యోగం లేదు. కానీ కాళ్లలో పరుగు మాత్రం అలాగే ఉంది. చిక్కంతా ఇక్కడే.

కాపలాకు కుదరదు, కోళ్లకు గండం

చాలామంది కుక్కను తెచ్చేది కాపలా కోసం. మోటారు దగ్గర, కళ్లంలో, ఇంటి ముందు అలికిడైతే అరవాలి. పాయింటర్‌ది సాధు స్వభావం. ఇంటివాళ్లతో, పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది. కొత్తవాళ్లొస్తే ఒకసారి మొరిగినా తర్వాత తోకాడిస్తుంది. దొంగొస్తే కాలెత్తి చూపిస్తుందే తప్ప కరవదు అని నవ్వుకోవచ్చు గానీ, డబ్బు పెట్టి తెచ్చినవాడికి అది నవ్వులాటగా ఉండదు.

ఇంకో సంగతి. ఇది పిట్టల వాసన కోసమే పుట్టింది. పెరట్లో పది నాటుకోళ్లున్న ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి కోళ్ల మధ్య పెంచి, తప్పు చేయబోతే వారిస్తూ వస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. అయినా పూర్తిగా నమ్మి వదిలెయ్యలేం. కోళ్ల మీదే చేతిఖర్చు నడుపుకునే ఇల్లాలిని అడగకుండా ఈ కుక్కను తేవడం అన్యాయం. అసలు ఏ కుక్కకైనా కూడు పెట్టేది, శుభ్రం చేసేది ఆవిడే కదా. మొదటి మాట ఆవిడదే కావాలి.

గొలుసే అసలు జబ్బు

పాయింటర్‌కు రోజూ కనీసం గంట, వీలైతే గంటన్నర పరుగూ నడకా కావాలి. అది లేకుండా గుంజకు కట్టేస్తే మొదట అరుస్తుంది, తర్వాత చెప్పులు, గోనెసంచులు, మోటారు వైర్లు కొరుకుతుంది, గుంటలు తవ్వుతుంది, గొలుసు తెంచుకుని పారిపోతుంది. 'పిచ్చిది' అన్న పేరొస్తుంది. అది పిచ్చి కాదు, పని లేక పడే యాతన.

కట్టేసి వదిలెయ్యడం చట్టం దృష్టిలోనూ తప్పే. జంతు హింస నివారణ చట్టం 1960 నాటిది. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం ఇవ్వకుండా యజమాని నిర్లక్ష్యం చేస్తే అది హింసేనని అందులో 11వ సెక్షన్ చెబుతోంది. మరీ పొట్టి గొలుసు, మరీ బరువు గొలుసు వేయడం కూడా అందులోకే వస్తుంది.

విసిగిపోయిన యజమానులు కొందరు కుక్కను ఊరి బయట వదిలేస్తున్నారు. ఇదైతే ఇంకా పాపం. అలా వదిలినది కోళ్ల వ్యర్థాలు పారబోసే చోట మందలో కలుస్తుంది. ఆ మంద రాత్రిపూట గొర్రెపిల్లల మీద పడుతుంది. ఒక ఇంటి మోజుకు ఇంకో ఇంటి జీవాలు బలి కావాలా?

తెచ్చుకునేవాళ్లు చూడాల్సినవి

ఇన్ని చెప్పానని పాయింటర్ వద్దేవద్దని నా మాట కాదు. పొద్దున్నే లేచే అలవాటు, కంచె ఉన్న తోట, పరిగెత్తే వయసు పిల్లలు ఉన్న ఇంటికి ఇంతకంటే నెమ్మదైన నేస్తం దొరకదు. అలాంటివాళ్లు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించమని అడగండి. తల్లి బెదురుగానో, మీద పడేలాగానో ఉంటే ఆ ఈత పిల్లను తీసుకోవద్దు. పిల్ల కళ్లలో పుసి, ముక్కులో చీమిడి ఉండకూడదు. వెనక నిలబడి చప్పట్లు కొట్టండి. చెవులు వినిపించే పిల్ల తిరిగి చూస్తుంది. డాల్మేషియన్‌ను పాయింటర్ అని చెబితే మోసపోవద్దు. డాల్మేషియన్ పిల్లలు మచ్చల్లేకుండా తెల్లగా పుడతాయి, చుక్కలు తర్వాత వస్తాయి. పాయింటర్‌కు పెద్ద పట్టీలు పుట్టుకతోనే ఉంటాయి.

పెరిగితే ఇది 20 నుంచి 34 కిలోల దాకా తూగుతుంది. మజ్జిగన్నం ఒక్కదానితో ఆ ఒళ్లు నిలవదు. అన్నమో సంకటో పెట్టినా గుడ్డు, ఉడికించిన మాంసం కలపాలి. పెద్ద కుక్కకు రెండు పూటలు పెట్టండి. లోతైన రొమ్ము ఉన్న కుక్క కాబట్టి కడుపు నిండా తిన్న వెంటనే పరిగెత్తించవద్దు. కడుపు ఉబ్బి మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, ఉడికిన కోడి ఎముకలు పెట్టకూడదు. మనం వేసుకునే జ్వరం బిళ్లలు దానికి విషం.

పొట్టి వెంట్రుకలున్నా మన వేసవి దీనికి కష్టమే. ఎండాకాలం తెల్లవారుజామున, పొద్దుగూకాక మాత్రమే తిప్పండి. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలితే నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వానాకాలంలో వారానికోసారి చెవులెత్తి చూడండి. వేలాడే చెవుల్లో తేమ నిలిచి చీము పడుతుంది.

చేలో స్వేచ్ఛగా వదిలే ముందు మూడు చూడాలి. గట్ల మీద ఎలుకల మందు పెట్టారా? పక్క చేలో మందు కొట్టారా? అడవి పందుల కోసం ఎవరైనా దొంగతనంగా కరెంటు తీగ లాగారా? దూరం గాలించే కుక్క వీటికి ముందు చిక్కుతుంది.

టీకాలు, నట్టల మందు

కుక్క ఏ జాతిదైనా ఈ ఖర్చు తప్పదు. 6 నుంచి 8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకా మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా తప్పకుండా. జూలై 6 జూనోసిస్ దినం నాడు ఉచితంగా వేస్తున్నారేమో మీ పశువైద్యశాలలో అడగండి. కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసరు, కారం పెట్టి కాలయాపన చేయొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడమంటూ దాదాపు లేదు.

గొర్రెలున్న ఇళ్లలో నట్టల మందు మరీ ముఖ్యం. కోసిన జీవాల మెదడు, కాలేయం పచ్చివి కుక్కకు వేస్తే దాని పొట్టలో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మేతలో కలిస్తే గొర్రెకు మెదడులో తిత్తి వచ్చి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ పడిపోతుంది. ఇంకో రకం గుడ్లు మనిషి నోట్లోకి పోతే కాలేయంలో నీటితిత్తులు వస్తాయి. మూడు నెలలకోసారి డాక్టరును అడిగి, బద్దెపురుగుల మీద పనిచేసే మందు తాగించాలి. పిడుదులు కనిపిస్తే కుక్కకొక్కదానికే మందు వేస్తే చాలదు, పశువుల కొట్టం కూడా శుభ్రం చేయాలి.

కాపలాయే కావాలనుకుంటే మన ఊరి కుక్కపిల్లే మేలు. మన ఎండ దానికి అలవాటు, మన తిండి సరిపడుతుంది, గుమ్మం ముందు అలికిడైతే ఊరుకోదు. దానికీ టీకా వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పదేళ్లు ఇంటిని కాస్తుంది.

లేదు, పాయింటరే కావాలంటే కొనే ముందు చిన్న పరీక్ష పెట్టుకోండి. పదిహేను రోజులు, కుక్క లేకుండానే, పొద్దున ఐదింటికి లేచి గంటసేపు పొలం గట్ల వెంట నడవండి. మీ అబ్బాయిని కూడా తీసుకెళ్లండి. పదహారో రోజు కూడా ఇద్దరూ లేచారా, అప్పుడు వెళ్లి పిల్లను తెచ్చుకోండి.