పర్యావరణ జీవశాస్త్ర పట్టము: బాలికకు వలసినవి, ఇంటివారికి వలసినవి

పుప్పాలగూడనుండి యొక సోదరీమణి యీ నెల మాకు జాబు వ్రాసినారు. వారి కుమార్తె ఇంటర్మీడియటు బై.పి.సి. యందు ఉత్తీర్ణురాలైనది. వైద్యకళాశాలలో సీటు దొరకలేదు. పర్యావరణ జీవశాస్త్రము చదివెదనని పట్టుపట్టినది. "చెట్లను పిట్టలను చూచుట కొక పట్టమా?" యని తండ్రిగారు కొట్టివేయుచున్నారట. ఆడపిల్ల యెండలో చెరువుగట్లవెంట తిరుగుట యేమని నాయనమ్మగారు బెంగపడుచున్నారట. "ఈ చదువున కేమేమి వలయును? ఇంటిపట్టున నుండి పూర్తిచేయు మార్గము కలదా?" యని తల్లిగారి ప్రశ్న. ఇట్టి సందేహము పలుయిండ్ల నుండునని తలచి బహిరంగముగనే ప్రత్యుత్తరము వ్రాయుచున్నాము.

ముందుగా తండ్రిగారి మాట విచారింతము. చెట్టును చూచి ముచ్చటపడుటకు పట్టము వలదు, నిజమే. కాని ఆ చెట్టు వేరు ఏ నీటిని త్రాగుచున్నది, ఆ నీటిలో నేమి కలిసినది, పూతపై వ్రాలు తేనెటీగ లేల తగ్గినవి, అవి తగ్గినచో తోటలో కాపేమగును అని కారణము వెంబడి కారణమును వెదకుటకు శాస్త్రము వలయును. ప్రాణులకును, నీరు నేల గాలులకును, మనుష్యుల పనులకును గల సంబంధమును కొలిచి చెప్పునదే పర్యావరణ జీవశాస్త్రము. "కొలిచి" యను మాటను పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెను. ఈ చదువునందలి కష్టమును ఘనతయు నా మాటలోనే యున్నవి.

ఇక నియమములు. తెలంగాణమున బి.యస్సి. జీవశాస్త్రముల శాఖలో చేరుటకు ఇంటర్మీడియటునందు జీవశాస్త్రము చదివి యుండవలెను. 2016లో నెలకొల్పబడిన 'దోస్త్' అను ఏర్పాటు ద్వారా దరఖాస్తు పెట్టి, కళాశాలలను తమ యిష్టానుక్రమమున వ్రాసినచో, మార్కులనుబట్టి సీటు కేటాయింపబడును. చదువు మూడు సంవత్సరములు, ఆరు సెమిస్టరులు. ఇంగ్లీషును, మరియొక రెండవ భాషయు చదువవలెను. వీనితోపాటు ముఖ్యశాస్త్రములుండును, వానికి ప్రయోగశాల పనియు, దానికి వేరుగ పరీక్షయు కలవు. "పర్యావరణ జీవశాస్త్రము" అను పేరు మన కళాశాలల పట్టికలలో నరుదు. కావున వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనశాస్త్రము అను మూటిని కలిపి తీసికొనుట మంచి పునాది. పిమ్మట ఎం.యస్సి.లో పర్యావరణశాస్త్రమునకు బోవచ్చును; ఉస్మానియా విశ్వవిద్యాలయమున నా శాఖ కలదు. 1924లో స్థాపింపబడిన కోఠీ మహిళా కళాశాల నేడు వీరనారి చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయమైనది. బాలికలకే యేర్పడిన విద్యాలయము కావలెనను తల్లిదండ్రు లచ్చట విచారింపవచ్చును.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలసి యున్నది. పర్యావరణమును గూర్చి విద్యార్థులందరికిని బోధింపవలెనని 1991లో సుప్రీంకోర్టు, ఎం.సి. మెహతాగారి వ్యాజ్యమున, ఉత్తరువిచ్చెను. తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆరుమాసముల పాఠ్యక్రమమును సిద్ధపరచెను. కావున బి.కాం. చదువు పిల్లకును పర్యావరణ పాఠముండును. దానిని చూచి "ఇంతేకదా" యనుకొనరాదు. ఆవకాయ రుచి చూచినంతమాత్రమున ఆవకాయ పెట్టుట వచ్చినట్లు కాదు.

విషయముల నెన్నుకొనుటయం దొక మెలకువ కూడ కలదు. భారత అటవీ సర్వీసు పరీక్షకు గూర్చుండుటకు పట్టమునందు వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనము, భూగర్భశాస్త్రము, భౌతికము, గణితము, సంఖ్యాశాస్త్రము, పశుపాలన పశువైద్యము అను వానిలో నొక్కటైన నుండవలెను. లేదా వ్యవసాయము, అటవీశాస్త్రము, ఇంజనీరింగులలో నొకదాన పట్టము పొంది యుండవలెను. పర్యావరణశాస్త్ర మను పేరా పట్టికలో లేదు. పేరు చూచి మురిసి, ఆ పట్టికలోని శాస్త్రములన్నిటిని వదలుకొనిన బాలికకు తరువాత నా ద్వారము మూతబడును. కళాశాలలో చేరుటకు ముందే యీ సంగతి తెలిసికొనవలెను.

రసాయనశాస్త్ర మనగానే పిల్లలు జంకుదురు. అది లేక యీ చదువు సాగదు. చెరువునీటిలో చేపలు పీల్చుటకు ప్రాణవాయు వెంత యున్నదో కంటి కగపడదు. దానిని కనుగొనుటకు హంగరీ దేశీయుడగు వింక్లరు 1888లో నొక పద్ధతి చెప్పెను. నేటికిని మన కళాశాలలలో దానినే నేర్పుదురు. గాలిబుడగ లేకుండ సీసానిండ నీరు పట్టి, మాంగనీసు లవణమును, క్షారముతో గూడిన అయొడైడును చేర్చగా గోధుమవన్నె మడ్డి యేర్పడును. అందు ఆమ్లము పోయగా మడ్డి కరిగి, నీటిలోని ప్రాణవాయువునకు సరిపడునంత అయొడిను వెలువడును. అందు గంజి చేర్చిన నీలిరంగు పుట్టును. పిమ్మట థయోసల్ఫేటు ద్రావణమును చుక్కచుక్కగా విడిచి, ఎన్ని చుక్కలకు నీలిరంగు విరిగిపోవునో లెక్కించిన ప్రాణవాయువు పరిమాణము తేలును. మనము చీరలకు పెట్టు గంజియే యిచ్చట సాక్షి చెప్పుచున్నది! చేయి తొణకక, చుక్క యెక్కువ కాక చూచుట నేర్చుకొనవలెను. పాకము పట్టుటలో తీగపాక మెప్పుడు ముదురుపాక మగునో కనిపెట్టు మన స్త్రీల కీ నైపుణ్యము క్రొత్త కాదు.

రెండవది లెక్క. అన్న ముడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూతుము. గిన్నెలోని బియ్యమంతయు నొక్క తీరుగ నుడుకును గనుక ఒక్క మెతుకు చాలును. కొండవాలు అట్టిది కాదు. ఒకచోట రాతిపలక, ఒకచోట తంగేడుపొద, ఒకచోట గడ్డి. ఒక్క తావున చూచి కొండయంతయు నిట్లేయని చెప్పిన తప్పగును. అందుచే మీటరు పొడవు మీటరు వెడల్పు గల చట్రమును, మనసుకు నచ్చినచోట గాక, చీటీ వేసినట్లు వచ్చిన తావులందు పలుమారులు పరచి, అందలి మొక్కలను జాతివారీగా లెక్కింతురు. ఎన్ని చట్రములు వేసిన నమ్మవచ్చునో, రెండు కొండల భేదము నిజమైనదో యాదృచ్ఛికమో చెప్పునది సంఖ్యాశాస్త్రము. బై.పి.సి. చదివితిమి గనుక లెక్కలతో పని లేదనుకొను బాలికలు ఈ మాటను మనసున నుంచుకొనవలెను.

మూడవది ఆరుబయట చేయు పరిశీలన. నాయనమ్మగారి బెంగకు సమాధాన మిచ్చటనే యున్నది. మురుగునీరు చేరిన చెరువులో పచ్చని నాచు విపరీతముగ పెరుగును. పగటియెండలో నా నాచు ప్రాణవాయువును నీటిలోనికి విడుచును. రాత్రి విడువదు సరికదా, నాచును చేపలును సూక్ష్మజీవులును కలిసి యున్నదానిని పీల్చును. కావున తెలతెలవారు వేళకు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. చేపలు చచ్చి తేలునది యా వేళనే. మధ్యాహ్నము రెండు గంటలకు నీరు పట్టిన బాలిక "చెరువు బాగున్నది" యని వ్రాయును. తెల్లవారుజామున పట్టిన బాలిక నిజము వ్రాయును. ఇంటిపట్టున నుండి యీ చదువు పూర్తిచేయుట యేల సాధ్యము కాదో యీ యొక్క దృష్టాంతము చాలును.

ఈ నియమము మనదేశమునకే కాదు. మీ ప్రాంతపు తల్లిదండ్రులలో పలువురు అమెరికా చదువును గూర్చి యాలోచింతురు గనుక చెప్పుచున్నాము. న్యూయార్కు రాష్ట్రమున సిరక్యూసునందలి పర్యావరణ, అటవీ శాస్త్ర కళాశాలలో నీ పేరుతోనే పట్టము కలదు. అచ్చటి విద్యార్థులు క్రాన్‌బెర్రీ సరస్సు తీరమునందలి కళాశాల కేంద్రమున వేసవిలో కొన్ని వారములు విడిసి, అడవిలోను నీటియొడ్డునను పాఠము చదువుదురు.

మీ బాలికకు సరస్సులకై సముద్రములు దాటనక్కరలేదు. పుప్పాలగూడ మీదుగా పోవు బుల్కాపూర్ నాలా యొకప్పుడు మూసీనీటిని హుస్సేనుసాగరమునకు చేర్చిన కాలువ. ప్రక్కనే ఖాజాగూడ రాతిగుట్టలు. పడమటగా 1920లో మూసీపై కట్టిన ఉస్మానుసాగరము, అనగా మన గండిపేట చెరువు. అత్తాపురమున నంతరించుచున్న జంతువులను రక్షించుటకు సి.సి.యం.బి. వారి ప్రయోగశాల కలదు. మేడలు మొలచుచున్న యీ తావునకు మించిన పాఠశాల యెచ్చట నున్నది?

చదివిన పిమ్మట వీరితో నేమి పని యందురా? గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులకు పది కిలోమీటర్లలోపల కాలుష్యము కలిగించు పరిశ్రమలు కూడదని ప్రభుత్వము 1996లో 111వ నెంబరు ఉత్తరువిచ్చెను. (2022లో మరియొక యుత్తరువుచే నా నిషేధములను సడలించిరి.) నిషిద్ధప్రదేశమున తలపెట్టిన యొక నూనెల కర్మాగారమునుగూర్చిన వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు బోయెను. దానివలన త్రాగునీరు చెడునా చెడదా యని నిపుణులే భిన్నాభిప్రాయము లిచ్చిరి. 1999లో తీర్పు వ్రాసిన తెలుగువారగు జస్టిసు ఎం. జగన్నాథరావుగారు, ఇట్టి వ్యాజ్యములను తేల్చుటకు న్యాయమూర్తులతోపాటు శాస్త్రజ్ఞు లవసరమని స్పష్టపరచిరి. తరువాత వారు లా కమిషను అధ్యక్షులై యుండగా 2003లో పర్యావరణ న్యాయస్థానములను గూర్చి నివేదిక వెలువడెను. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునలు చట్టము వచ్చెను. మన కుండలోని నీటి సంగతి తేల్చుటకు సర్వోన్నత న్యాయస్థానమే శాస్త్రము తెలిసినవారికై చూడవలసివచ్చెను. వారు పుట్టుటకు మన యిండ్లు గాక వేరు చోటు లేదు.

జీతమును గూర్చి కూడ దాచక చెప్పెదము. బి.యస్సి.తోనే నానక్‌రాంగూడ కార్యాలయముల జీతము రాదు. ఎం.యస్సి. వఱకైన చదువవలెను. పిమ్మట కాలుష్య నియంత్రణ మండలి, అటవీశాఖ, బోధన, పరిశోధన కలవు. 2006 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి 20,000 చదరపు మీటర్ల నిర్మాణమునకు మించిన భవనములకు పర్యావరణ అనుమతి కావలెను. అట్టి నివేదికలు వ్రాయుటకును ఈ విద్య చదివినవారు వలయును. ఐదేండ్ల యోరిమి లేని యింటివారు ముందే చెప్పుట మేలు. రెండవ యేట పెండ్లి పేర మాన్పించుటకంటె నది న్యాయము.

ఇప్పుడు ఇంటివారికి గల నియమములు. కళాశాలలో చేర్చి, ఫీజు కట్టి, పరిశీలనకు బయలుదేరు దినమున "నీవు వలదు, స్నేహితురాలి పుస్తకము చూచి వ్రాసికొనుము" అను తల్లిదండ్రులు కలరు. అది బిడ్డకు చదువు చెప్పించుట కాదు, పరుల కంటితో చూచిన దానిని తన కంటితో చూచితినని వ్రాయ నేర్పుట. భయము నిష్కారణమని మేమనము. కాని భయమునకు మందు నిషేధము కాదు, ఏర్పాటు. జట్టులో నెందరు పోవుచున్నారు, అధ్యాపకురాలెవరు వెంట నుందురు, బండి యేది, ఎన్నిగంటలకు తిరిగివత్తురు, మరుగునకు వసతి కలదా యని కళాశాలవారిని అడుగుడు. అడుగుట మీ హక్కు. ఏర్పాటు చాలనిచో తల్లులు నలుగురు కలిసి పోయి యడుగుడు. పిల్లకు గట్టి బూట్లు, తలకు గుడ్డ, త్రాగునీరు, చిన్న మందులపెట్టె యిచ్చి పంపుడు. కుమారు డిదే చదువు చదివినచో ఏ ప్రశ్నలు వేయుదురో కుమార్తెకు నవియే వేయుడు, ఎక్కువ వలదు.

నాయనమ్మగారికి మా మనవి యిది. మీ కాలమున తెల్లవారుజామున స్త్రీలే చెరువునకు బోయి కడవతో నీరు తెచ్చిరి. ఆ చెరువు నీ రిప్పుడు త్రాగుటకు తగునో తగదో చెప్పగల విద్య మనుమరాలు కోరుచున్నది. పిల్ల దరఖాస్తున కళాశాలల పేర్లు వ్రాయునపుడు తండ్రిగారిని ప్రక్కన కూర్చుండబెట్టి, వృక్ష, జంతు, రసాయన శాస్త్రములు మూడును పడినవో లేదో సరిచూడు మనుడు. తక్కిన చదువు పిల్ల చూచుకొనును.