పుట్టుమచ్చల పట్టీ

బడిలో పిల్లవాణ్ణి చేర్చుకొనేటప్పుడు ప్రవేశ పట్టీలో పేరు, పుట్టిన తేదీలతో పాటు రెండు పుట్టుమచ్చలు కూడా నమోదు చేసేవాళ్ళం. నలభై ఏళ్ళ తరువాత నెరసిన తలతో వచ్చి ధ్రువపత్రం అడిగినా, పట్టీ తెరచి అతణ్ణి పోల్చుకోగలిగేవాళ్ళం.

మా ఇంటావిడకు మోకాలి కీలు మార్పించి చాలా ఏళ్ళయింది. ఇటీవల తెనాలిలో ఒక వైద్యుడు "ఏ కంపెనీ కీలు వేశారండీ?" అని అడిగితే నోట మాట రాలేదు. ఆపరేషను చేసిన ఆసుపత్రిలో విచారిస్తే పాత కాగితాలు లేవన్నారు. నందివెలుగులో మా వంటింటి మిక్సీకి గ్యారంటీ కార్డుంది. ఆవిడ ఒంట్లోని లోహానికి ఊరూ పేరూ లేదు!

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. డిప్యూ కంపెనీవారి ఏఎస్ఆర్ తుంటికీలు సంగతి చూడండి. ఆస్ట్రేలియాలో 1999లో ఆరంభమైన జాతీయ కీళ్ళ రిజిస్ట్రీ, ఆ కీలు పెట్టించుకొన్నవారికి మళ్ళీ ఆపరేషను అవసరం కావడం ఎక్కువగా ఉన్నదని 2007లోనే పసిగట్టింది. 2009 చివరికి అక్కడ దాని అమ్మకం ఆగిపోయింది. తక్కిన ప్రపంచంలో 2010 ఆగస్టులో గాని వెనక్కు తీసుకోలేదు. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. కేంద్రం నియమించిన నిపుణుల సంఘం నివేదిక 2018లో బయటికి వచ్చేనాటికి వాటిలో దాదాపు 3,600 మంది జాడే తెలియలేదు. ఇరవై లక్షలకు తగ్గకుండా పరిహారమిప్పించాలని సంఘం సిఫారసు చేసింది. ఇవ్వడానికి మనిషేడీ? దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ మొరిగిన తరువాత కూడా దొంగలు ఏ ఇంట పడ్డారో తేలలేదు.

పరికరాల వల్ల కలిగే కీడును నమోదు చేసే పథకం మనకు 2015 నుంచి ఉన్నది. కాని అది ప్రధానంగా ఫిర్యాదుల చిట్టా. పరీక్ష ఎందరు రాశారో తెలియకుండా తప్పినవాళ్ళను మాత్రమే లెక్కపెడితే ఉత్తీర్ణతాశాతం ఎట్లా కడతాం? కీలు వేయించుకొన్న ప్రతివారి పేరూ పట్టీకెక్కాలి.

అది బ్రహ్మవిద్యేమీ కాదు. పరికరం పెట్టెలో తయారీ సంఖ్య ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి ఆసుపత్రి దస్త్రానికి, ఒకటి రోగి చేతికి. అదే సంఖ్య జాతీయ పట్టీకి. పట్టీలో అంశాలు పది మించరాదు. ఎక్కువైతే ఎవరూ నింపరని హాజరు పట్టీలు మోసిన నాకు తెలుసు. నమోదు చూపనిదే ప్రభుత్వ పథకాల బిల్లు చెల్లించకూడదు. అన్నిటికన్న ముఖ్యం, ఏటేటా ఆ పట్టీని చదివి, ఫలితాలను కంపెనీ పేరుతో సహా వెల్లడించే వ్యవస్థ ఉండాలి. చదవని పట్టీ చెదలకే ఆహారం.

మిత్రులారా, మీ ఇంట్లో ఎవరికైనా కీలో, స్టెంటో, పేస్‌మేకరో ఉంటే ఆ సంఖ్య ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి. ప్రభుత్వం పట్టీ తెరిచేదాకా ఆ పుట్టుమచ్చను మనమే కాపాడుకోవాలి.