చేపాకు నవాబు మేడ

చెన్నపురి సముద్రతీరమున చేపాకు మేడలను జూచి మెచ్చనివారుండరు. అవి నవాబు చేతినుండి దొరతనమువారి కచ్చేరీలైన విధమెఱిగినవారు మాత్రము మిక్కిలి యరుదు.

ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా 1768లో ఈ సౌధమును గట్టించెను. కట్టినవాడు కుంపిణీ ఇంజనీరు పాల్ బెన్‌ఫీల్డని ప్రతీతి. నవాబునకు అధికవడ్డీలకు అప్పులిచ్చిన దొరలలో అగ్రగణ్యుడును ఈతడే! ఆ యప్పులకు కుదువ యేమి? జిల్లాల శిస్తు. నెల్లూరు, పల్నాడు సీమలును నవాబువే గనుక ఆ వడ్డీలో మన తెలుగు రైతు చెమటయు గలదు. 1785లో ఎడ్మండ్ బర్కు పార్లమెంటున ఈ గుట్టు బయలుపఱచెను. పిమ్మట విచారణసంఘము లెక్కలు శోధింపగా, ఋణదాతలు కోరిన సొమ్ములో పదింట తొమ్మిదివంతులకు పైగా నిలువలేదు. అయిననేమి? 1801లోనే కుంపిణీ రాజ్యమును గైకొనియుండెను.

1855లో నవాబు గులాం గౌస్ ఖాను నిస్సంతుగా మరణింపగా బిరుదమును సైతము రద్దుచేసిరి. మేడ ఋణములకై వేలమునకు వచ్చెను. 1859లో దానిని కొన్నది చెన్నపురి దొరతనమే! అప్పు పెట్టిన పక్షమువారే తుదకు ఇల్లు పాడుకొనుట న్యాయస్థానములలో మాకు నిత్యము కనబడు తంతే.

హుమాయూన్ మహలున రెవెన్యూబోర్డు కొలువుదీరెను. శిస్తు తగ్గింపుమని తెలుగుజిల్లాల రైతులు పెట్టుకొన్న మొఱలు 1953 వరకు ఆ బోర్డు గడపనే చేరవలసివచ్చెను. శిస్తు కుదువతో కట్టిన యింటనే శిస్తు తీర్పులు!

2012లో కలస్ మహలు అగ్నిపాలయ్యెను. దానిని మరల బాగుచేసిరి. సంతోషమే. అచ్చట నవాబు పేరును బెన్‌ఫీల్డు పేరును తలచునపుడు, వడ్డీ కట్టిన పల్నాటి రైతును గూడ ఒక పలకపై పేర్కొనవలెనని మా కోరిక.