చౌక పందెం మనకొద్దు

బందరు పక్కన పెడనలో కలంకారీ బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము రోజుల తరబడి ఊరితేనే నల్లరంగు. ఆ తర్వాతే టేకు అచ్చు. అదే డిజైన్‌ను స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు చవగ్గా దించేస్తున్నారు.

నాణ్యతా, చవకా రెండూ కలిసొచ్చిన ఉదాహరణ ఒకటుంది. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో తెచ్చిన మరమగ్గం పోగు తెగగానే దానంతటదే ఆగేది. లోపమున్న బట్ట నేయకూడదన్నది ఆయన పట్టుదల. ఒక్క మనిషే ఎన్నో మగ్గాలు చూసుకోగలగడంతో ఖర్చూ తగ్గింది. కార్ల కంపెనీ టొయోటాకూ అదే పునాది.

ఇందులో పెడనకు మొదటి సగమే, అంటే లోపం లేని బట్ట అన్న పట్టుదలే, చెల్లుతుంది; చేతిపనిని తొందరపెట్టలేం. అందుకే ధర తగ్గించే పోటీలోకి మనం దిగకూడదని నా గట్టి నమ్మకం. అసలుకూ నకలుకూ తేడా కొనేవాళ్లకు దుకాణంలోనే తెలియాలి. ఈ సంచికలో అచ్చులు చెక్కేవాళ్ల మాటలకే మొదటి పేజీలు ఇచ్చాం.