పెళ్లి కుదిరాక కాదు... పదేళ్ల వయసులోనే!

‘‘చిన్నపిల్లకు ఇప్పుడే ఎందుకండీ? పెళ్లి కుదిరాక చూద్దాం.’’ హెచ్‌పీవీ టీకా మాటెత్తితే చాలా ఇళ్లలో వినిపించే జవాబిది. పోలియో చుక్కల తేదీ మరచిపోని తల్లిదండ్రులు కూడా ఇక్కడ తటపటాయిస్తారు. ఈ వైరస్ లైంగికంగా సోకుతుందన్న బిడియమే అందుకు ఒక కారణం.

నిజానికి హ్యూమన్ పాపిలోమా వైరస్ ఎప్పుడో ఒకప్పుడు చాలామందికి సోకేదే. అంతమాత్రాన ఎవరి నడవడినీ శంకించాల్సిన పనిలేదు. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం తిష్ఠ వేసి, ఏళ్ల తర్వాత గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకం వైరస్‌లే మూలం. మన దేశంలో ఏటా లక్ష మందికి పైగా మహిళలు దీని బారినపడుతున్నారు.

టీకా వైరస్‌ను రాకుండా ఆపుతుంది. వచ్చినదాన్ని పోగొట్టలేదు. 9-14 ఏళ్ల మధ్య వేయించమని వైద్యులు చెప్పేది అందుకే. ఆ వయసులో శరీరం టీకాకు బాగా స్పందిస్తుంది కాబట్టి సాధారణంగా రెండు మోతాదులు చాలు. 15 దాటితే మూడు కావాలి. స్వీడన్‌లో 17 ఏళ్లలోపు టీకా తీసుకున్న వారిలో ఈ క్యాన్సర్ ముప్పు 88 శాతం తక్కువని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. దేశీయంగా తయారైన ‘సెర్వావాక్’ 2023లో మార్కెట్లోకి వచ్చింది.

మన దగ్గర మరో జంకు కూడా ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ టీకా వేసిన ప్రాజెక్టు, కొందరి మరణాలపై దుమారం రేగి 2010లో ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారాలు విచారణలో దొరకలేదు. కానీ తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేయడం వంటి లోపాలు బయటపడ్డాయి. దీన్నుంచి నేర్చుకోవాల్సింది టీకాకు దూరంగా ఉండమని కాదు, తెలుసుకుని ఒప్పుకోవాలని. పిల్లల డాక్టర్‌ను అడగండి. అలర్జీలుంటే ముందే చెప్పండి. ఈ సూది ఎందుకో అమ్మాయికీ వివరించండి.

టీకాతోనే బాధ్యత తీరిపోదు. అది అన్ని రకాల వైరస్‌లనూ అడ్డుకోదు కాబట్టి, పెద్దయ్యాక స్క్రీనింగ్ పరీక్షలు తప్పవు. 30 దాటిన అమ్మలకైతే అవి ఇప్పుడే అవసరం. కూతురికి టీకా వేయించే వారంలోనే అమ్మ కూడా పాప్ స్మియర్ గానీ, హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయించుకుంటే ఇంట్లో ఇద్దరికీ రక్షణ!