రంగు సంగతి తర్వాత, ముందు గోడ సంగతి చూడండి

ఇంటికి బయట రంగులు వేయించమని మా ఆవిడ రెండేళ్ళుగా పోరుతోంది. పోయిన వేసవిలో ముగ్గురు పెయింటర్లని పిలిచాను. ముగ్గురూ ఇంటి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి మూడు అంకెలు చెప్పారు. పెద్ద అంకె చిన్నదానికి దాదాపు రెట్టింపు. మన బుద్ధి తెలిసిందేగా, చిన్న అంకె దగ్గరే ఆగాను.

ఆఫీసులో ఓ పెద్దాయన మాత్రం "కొటేషన్లో రంగు గురించి కాదు, రంగుకి ముందు ఏం చేస్తారో చదువు" అన్నాడు. చదివితే, చవకాయన రాసింది రెండే ముక్కలు: కడుగుట, రెండు కోట్లు వేయుట!

ఈ కాలిఫోర్నియా స్టకో ఇళ్ళు చూడ్డానికి మన సిమెంటు గోడల్లాగే ఉంటాయి గానీ లోపలంతా కర్రే. కర్ర మీద తారు కాగితం, దానిమీద ఇనప వల, ఆపైన మూడు పూతల సిమెంటు గిలాబా. ఆ మూడూ కలిపినా మామూలుగా 7/8 అంగుళమే. పగుళ్ళలోంచి దూరిన నీళ్ళు కాగితం మీదుగా జారి, గోడ అడుగున రేకు అంచులోంచి బయటికి పోవాలి. కొందరు పెయింటర్లు నీటుగా ఉంటుందని ఆ సందుని కూడా కాక్ పెట్టి మూసేస్తారు. ఇక నీళ్ళు ఎటు పోతాయి?

సరే, నేనే ఓ ఆదివారం గోడ పట్టుకుని చూశాను. అరచేత్తో రుద్దితే సుద్దపొడి. స్ప్రింక్లర్ తడిపే చోట తెల్లగా ఉప్పు. వంటింటి కిటికీ కింద రంగు బుడగలా ఉబ్బింది. పాత ఓనరు అక్కడ రబ్బరు లాంటి ఎలాస్టోమెరిక్ పూత మందంగా పూయించాడు. పగుళ్ళు కనబడకుండా పోయాయి కానీ, కిటికీ మూలనుంచి దిగిన నీరు లోపలే ఉండిపోయింది. గోకి చూస్తే కాగితం చివికిపోయింది, కర్రలోకి స్క్రూడ్రైవర్ వెన్నలోకి దిగినట్టు దిగింది.

ఆ రిపేరుకి అయిన ఖర్చు చవకాయన అడిగిన మొత్తం కన్నా ఎక్కువ. ఆయనకే ఇచ్చి ఉంటే ఆ బుడగ మీదే ఇంకో రెండు కోట్లు పడేవి. రిలీజ్ ముందు టెస్టింగ్ కోసేసే మేనేజర్లని తిట్టుకునే మనం, సొంతింటి దగ్గర చేసేది అదే. మా ఊళ్ళో సంక్రాంతికి వెల్ల వేసేవాళ్ళు కూడా ముందు పెచ్చులు గోకి గానీ కుంచె ముట్టేవారు కాదు.

చివరికి పెద్ద అంకె ఆయనకే ఇచ్చాను. స్ప్రింక్లర్ తిప్పించాం. ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి, ప్రెషర్ తగ్గించి కడిగారు (దగ్గర్నుంచి గట్టిగా కొడితే గిలాబాయే లేచిపోతుంది). కొన్నాళ్ళు ఆరనిచ్చి పగుళ్ళు పూడ్చారు. కొత్త సిమెంటు ఘాటుకి రంగు నిలవదని, అతుకు వేసిన చోట నాలుగు వారాలు ఆగమన్నాడు. ఆ నెల్లాళ్ళూ కిటికీ కింద బూడిదరంగు మచ్చతో, ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పలేక చచ్చాం. తర్వాత ప్రైమరు, అక్రిలిక్ రెండు కోట్లు. రంగు వేసింది మూడు రోజులే.

హెచ్‌ఓఏ వాళ్ళ జాబితాలోంచి మా ఆవిడ లేత గోధుమరంగు ఎంచింది. మర్నాడు పక్కింటాయన చూసి "ఏంటి, ఇల్లు కడిగించారా?" అనడిగాడు :)